పదో పేరు

మార్చి 3, సోమవారం

బాబాయి షాపుకొచ్చాడు. నేను ఇక్కడ చేరి పద్నాలుగేళ్ళు, ఒక్కసారీ గుమ్మం తొక్కలేదు. పళ్ళ డాక్టరు కదా, రాగానే నా నోటికేసే చూశాడు. "పై వరస శుభ్రం చేయించుకోవాలమ్మా నువ్వు" అన్నాడు. ఎలా ఉన్నావన్నది ఆ తర్వాత.

షాపులో ఎవరి చెవినైనా పడుతుందని వీధిలోకి తీసుకెళ్ళాను. మా ఇంటిపేరున్న గొప్పవాళ్ళ మీద పుస్తకం వేస్తున్నాడట. మా ఇంటిపేరు అరుదు, ఎంత గాలించినా నలభై గడపలు దాటవు. వాటికో సంఘం పెట్టాడు, అధ్యక్షుడూ తనే, చందాల వేటగాడూ తనే. అచ్చు వేరేచోట అవుతోంది. మడత, కుట్టు, అట్ట మా బైండింగు షాపుకిస్తాడట. "ఇంటిపిల్లవి నువ్వుండగా బయటివాళ్ళకెందుకు" అన్నాడు. ఇంటిపిల్లనని ఇన్నాళ్ళకి గుర్తొచ్చాను, మహద్భాగ్యం.

నలభై గడపలూ దులిపితే తొమ్మిదిమంది రాలారు. ఒక కంటి డాక్టరు. ఒక జడ్జి. సైకిలు మీద నాలుగు దేశాలు తిరిగొచ్చినావిడ. సీతాకోకచిలుకలు పోగేసినాయన. చదరంగంలో మూడోస్థానం వచ్చినాయన, ఆ పోటీకి ఎంతమంది వచ్చారో మాత్రం రాయలేదు. దూరదేశంలో పాటలు పాడే ఒకావిడ, ఆవిడకి ఉత్తరం రాస్తే "మీరెవరో నాకు తెలీదు" అని జవాబొచ్చిందట, అయినా వేశారు. ఇంకో ఇద్దరు ఏం చేశారో బాబాయికే సరిగ్గా తెలీదు. వరసలో ఎనిమిదో వాడు బాబాయి. తన గురించి తనే రాసుకున్నాడు, "వినయశీలి" అని కూడా.

"నాన్న?" అన్నాను.

"ఆ మచ్చ మాపుకోవడానికేగా ఈ తిప్పలన్నీ! మళ్ళీ దాన్నే అచ్చేయించమంటావా?" అన్నాడు.

లోపలికొచ్చాక ఓనరు ఆయనెవరని అడిగాడు. మా పళ్ళ డాక్టరు అన్నాను. అబద్ధం కాదుగా.

నాకేం పట్టింపు లేదు. అసలిప్పుడు నాది ఆ ఇంటిపేరే కాదు.

మార్చి 4, మంగళవారం

పట్టింపు లేదని రాసి మళ్ళీ దాని గురించే రాస్తున్నాను. సరే.

ఊళ్ళో ఎవర్నైనా ఆపి మా ఇంటిపేరు చెప్తే ఆ తొమ్మిదిమందిలో ఒక్కరూ గుర్తురారు. గుర్తొచ్చేది నాన్నొక్కడే. ముప్పై నాలుగేళ్ళ క్రితం వాతావరణం ఆఫీసులో నాన్న అధికారి. ఆ రోజు సాయంత్రం నాలుగు గంటల రేడియోలో సముద్రం నెమ్మదిగా ఉంటుందని కబురు చెప్పింది నాన్నే. ఐదింటికి పడవలు వెళ్ళాయి. తుఫానొచ్చింది, వేటకెళ్ళినవాళ్ళలో అరవై ఒక్కమంది తిరిగి రాలేదు. గాలి ఒత్తిడి కొలిచే బారోమీటరు చెడిపోయిందనీ, మనిషి తప్పేం లేదనీ విచారణలో తేల్చారు. ఊరు మాత్రం తేల్చలేదు. ఇప్పటికీ ఎవడైనా కళ్ళలోకి చూస్తూ ధీమాగా అబద్ధమాడితే మా ఇంటిపేరు తగిలించి "వారి కబురు" అంటారు. మా ఓనరు అట్ట రేపొచ్చేస్తుందంటే షాపంతా అదే మాట. అప్పటికి పుట్టని పిల్లలు కూడా అంటారు, అదో మనిషి పేరని కూడా తెలీకుండా.

అందుకే నేను ఇరవయ్యో ఏట పెళ్ళికొడుకుని చూసి చేసుకోలేదు, అతని ఇంటిపేరు చూసి చేసుకున్నాను. వీధికి పది గడపలున్న ఇంటిపేరు. ఆరేళ్ళకి ఆ మనిషిని వదిలేశాను. ఇంటిపేరు వదల్లేదు. కాపురంలో నాకు మిగిలిన ఆస్తి అదే.

యంత్రానిదే తప్పు. కాగితాల మీద ఉంది.

మార్చి 6, గురువారం

నాన్నకి పుస్తకం సంగతి తెలిసిపోయింది. బాబాయే ఫోనులో వాగాడట. ఎనభై ఒకటి నాన్నకి, మోకాళ్ళు పోయాయి గానీ చెవులు పాముచెవులు. పొద్దున్న లేచేసరికి గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, కుర్చీ గుమ్మానికెదురుగా వేయించుకుని కూర్చున్నాడు.

"ఏంటి నాన్నా, పెళ్ళివారొస్తున్నారా?"

"సంఘం వాళ్ళెవరైనా వస్తారేమో అమ్మడూ. నా సంగతి నేనే చెప్తానని మీ బాబాయితో అను. వాళ్ళంతట వాళ్ళు రాసెయ్యొద్దని చెప్పు."

ఎంత ఆశో చూడండి. ఇన్నేళ్ళు ఊరు ఉమ్మేసినా పొగడ్త మీద మోజు చావలేదు. జాలేసింది, ఒళ్ళు మండింది కూడా. "చెప్తాలే" అన్నాను.

సాయంత్రం నేనొచ్చేసరికి అదే చొక్కా, అదే కుర్చీ.

"ఇవాళ రాలేదు" అన్నాడు.

"రానక్కర్లేదట నాన్నా. బాబాయి దగ్గర నీ వివరాలన్నీ ఉన్నాయట. వేస్తున్నారు."

నా నోటికి మొక్కాలి. ఎంత ధీమాగా వచ్చిందో ఆ మాట.

మార్చి 7, శుక్రవారం

మళ్ళీ ఇస్త్రీ చొక్కా.

మార్చి 10, సోమవారం

ఫారాలొచ్చాయి, అచ్చయిన పుస్తకం కాగితాలు. మూడొందల కాపీలు. మడతలు వేసే పెద్దావిడ, షాపంతా పిన్ని అని పిలుస్తాం, మొదటి ఫారం విప్పి, పైన ఇంత లావు అక్షరాలతో మా ఇంటిపేరు చూసి, కాసేపు ఆగింది.

"వీళ్ళలో గొప్పవాళ్ళు కూడా ఉన్నారా?" అంది.

కుట్టు మిషను దగ్గరున్న వాళ్ళు కిసుక్కుమన్నారు. నేనూ నవ్వాను. ఎప్పుడూ నవ్వుతాను, అలవాటే. పిన్ని మాత్రం నవ్వలేదు. పిన్ని ఉన్నప్పుడు ఆ సామెత అనకూడదని షాపులో అందరికీ తెలుసు. పిన్ని భర్త ఆ అరవై ఒక్కమందిలో ఒకడు. అప్పటికి ఆవిడకి ఇరవైతొమ్మిది, ఇద్దరు పిల్లలు.

నాకీ పని నేర్పింది ఆవిడే. కాగితం ఎటు వంగుతుందో ముందు వేలితో అడగాలి, ఆ తర్వాత మడవాలి అని చెప్పింది. నాకు జ్వరమొస్తే మూడ్రోజులు నా వాటా మడతలు కూడా తనే చేసి ఓనరుకి చెప్పలేదు. పద్నాలుగేళ్ళుగా ఒకే బల్ల, ఆవిడ మడత, నాది జిగురు. నా ఇంటిపేరు అడిగితే మాజీ మొగుడిది చెప్పాను. ఆవిడ రెండోసారి అడగలేదు.

చెప్పే సందర్భం రాలేదంతే. దాచానని కాదు.

మార్చి 11, మంగళవారం

ఒక ఆలోచన వచ్చింది.

మూడొందల కాపీలూ బాబాయివి. కానీ కుట్టేది మేం, అట్ట వేసేది మేం. ఒక్క కాపీలో చివర నాలుగు పేజీలు ఎక్కువ అతికిస్తే ఎవడికి తెలుస్తుంది? ఆ కాపీ నాన్న చేతిలో తప్ప ఇంకెక్కడికీ పోదు. నాన్న బయటికి పోడు, సంఘం వాళ్ళు ఇంటికి రారు. పదో పేరు. ఒక్కరు రాసి, ఒక్కరు చదివే పేరు.

ఇందులో ఎవరికీ నష్టం లేదు. ఎనభై ఒక్కేళ్ళ మనిషి సంతోషం కోసం.

మార్చి 13, గురువారం

రాయడం ఇంత కష్టమని తెలిస్తే మొదలుపెట్టేదాన్ని కాదు. పుట్టిందెప్పుడు, చదివిందెక్కడ, ముప్పై ఒక్కేళ్ళ నౌకరీ, రోజుకి నాలుగు రీడింగులు, ఇదంతా నల్లేరు మీద నడక. ఆ రోజు దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆగింది.

మొదట "దురదృష్టకర సంఘటన" అని రాశాను. కొట్టేశాను. ఆ మాట బాబాయి పళ్ళు పీకేముందు అనే మాటలా ఉంది. రెండోసారి ఆ రోజు సంగతే ఎత్తలేదు, అప్పుడు నాన్న ఎవరో ఒక గుమాస్తాలా కనిపించాడు. మూడోసారి రాసింది ఉంచేశాను: "యంత్రలోపం వల్ల జరిగిన ఆ నష్టానికి ఏ మనిషినీ బాధ్యుణ్ణి చేయలేమని విచారణ సంఘం తేల్చింది. అయినా లోకం వేసిన నిందను ఆయన ఏనాడూ నోరెత్తకుండా భరించారు."

చదువుకుంటే నాకే కళ్ళలో నీళ్ళొచ్చాయి. బాగా రాశాను. బాబాయి తొమ్మిదిమంది మీద రాసినదాంట్లో ఇంత మంచి వాక్యం ఒక్కటి లేదు.

అరవై ఒకటి అనే అంకె వెయ్యలేదు. నాలుగు పేజీల్లో అన్నీ ఎక్కడ పడతాయి?

మార్చి 14, శుక్రవారం

భోజనాలప్పుడు షాపు కంప్యూటర్లో టైపు చేసి, ఒక్క ప్రతి తీసి, మడుస్తున్నాను. పిన్ని చేతిలోంచి లాగేసుకుంది.

"నీ మడత ఎప్పుడూ వంకరే. ఇలా తే."

ఇవ్వనంటే అనుమానం. ఇచ్చాను. పిన్ని చదువు నిదానం, వేలు పెట్టి చదువుతుంది. వేలు ఒక్కో వరసా దిగుతుంటే నేను జిగురు గిన్నెలో బ్రష్షు తిప్పుతూ కూర్చున్నాను. చివరిదాకా చదివింది. అంచుకి అంచు కలిపింది. చెక్కతో ఒకే ఒక్కసారి ఒత్తింది.

"ఈయన ఉన్నాడా ఇంకా?"

"ఏమో పిన్నీ. తెలీదు."

"ఏ మనిషినీ బాధ్యుణ్ణి చేయలేం" అని మెల్లగా పైకి చదివింది. "అవునులే. వాళ్ళకేం, రాసుకుంటారు."

ఆ మాటకి అర్థమేమిటో నేనడగలేదు. కాగితం నా చేతిలో పెట్టి తన ఫారాలు ముందుకి లాక్కుంది.

కన్నతండ్రి బతికున్నాడో లేదో తెలీదన్నాను. నిలబడి కూడా కాదు, కూర్చుని, బ్రష్షు తిప్పుతూ.

మార్చి 15, శనివారం

మిగతా వాటికి అట్ట ఇంకా రాలేదు. ఒక్క కాపీకి ముక్క దొరికింది. అయిపోయింది. అతుకు కనిపించట్లేదు.

మార్చి 16, ఆదివారం

నాన్న చేతిలో పెట్టాను. "ముందు కాపీ నీకే పంపాడు బాబాయి" అన్నాను. కళ్ళద్దాలు తుడుచుకుని, తొమ్మిదిమందినీ గబగబా తిప్పేసి, చివరికెళ్ళాడు. నేను టీ పెట్టే వంకతో వంటింట్లో నిలబడి చూస్తున్నాను. మెచ్చుకుంటాడని. ఇంకా ఎందుకు దాచడం, నా ఇన్నేళ్ళ బతుకులో నాన్న నన్ను మెచ్చుకుంటే వినాలని ఉంది.

రెండుసార్లు చదివాడు. పుస్తకం మూసి బల్ల మీద పెట్టాడు.

"ఎవరు రాశారు?"

"సంఘం వాళ్ళు."

"మీ బాబాయికి వాక్యం ఇంత నిటారుగా రాదే. నువ్వు రాశావు."

టీ గిన్నె దించాను.

"ఎంతమంది పోయారో రాయలేదేం?"

"చోటు చాల్లేదు నాన్నా."

"నా చదువుకి ఏడు వరసలిచ్చావు. అరవై ఒక్కమందికి చోటు చాల్లేదా?"

ఇక నాకు ఒళ్ళు మండింది. నీ కోసం ఇంత చేస్తే, ఒక మంచి మాట లేదు, ఎవరికోసం చచ్చానని అన్నాను. యంత్రానిదే తప్పని నేను కల్పించానా, విచారణ వాళ్ళే తేల్చారు కదా అని అరిచాను.

అప్పుడు చెప్పాడు. గొంతు పెంచకుండా, రీడింగు చదువుతున్నట్టే చెప్పాడు.

బారోమీటరు చెడిపోలేదు. మూడింటికి ముల్లు పడటం నాన్న కళ్ళారా చూశాడు. అప్పటికి పది రోజుల ముందు ఇలాగే పడితే తుఫానని హెచ్చరించాడు. రెండ్రోజులు పడవలు ఒడ్డునే ఉండిపోయాయి, ఆకాశం అద్దంలా మెరిసింది, చినుకు పడలేదు. రేవంతా నవ్వింది. పై అధికారి నలుగురిలో నిలబెట్టి కడిగేశాడు. అందుకని ఈసారి, ఆరు గంటల రీడింగు కూడా చూసి చెప్దాంలే అనుకున్నాడు. నాలుగింటి రేడియోలో నెమ్మదిగా ఉంటుందన్నాడు. ఐదింటికి పడవలు వెళ్ళాయి. ఆరింటికి ముల్లు చూసి రేవుకి పరిగెత్తాడు.

"రిజిస్టరులో మూడింటి గడి ఖాళీగా వదిలాను అమ్మడూ. అంకె వెయ్యబుద్ధి కాలేదు. వేస్తే చెప్పాలిగా. విచారణ వాళ్ళు ఆ ఖాళీ గడి చూసి, అప్పటికే యంత్రం ఆగిపోయిందనుకున్నారు. అంతేనా అని అడిగారు. నేను కాదనలేదు."

"ఎందుకు కాదనలేదు?"

"ముందు నీ పెళ్ళి అవ్వాలనుకున్నాను. తర్వాత నీ కాపురం నిలబడాలనుకున్నాను. తర్వాత మీ అమ్మ మంచాన పడింది. కారణాలకేం, అడగకుండానే వస్తాయి. ఈ పుస్తకంలో అచ్చేయిద్దామనుకున్నా. మన ఇంటిపేరు వాళ్ళలో ఊరికి తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే కదా, ఎందుకు తెలుసో నా నోటితోనే చెప్దామని."

ఆ ఇస్త్రీ చొక్కా అందుకట. పొగడ్త కోసమని నేననుకున్నాను.

ఉక్రోషం పట్టలేక అనేశాను. నా బల్ల దగ్గర కూర్చునే ఆవిడ మొగుడు ఆ పడవల్లోనే పోయాడని, పద్నాలుగేళ్ళుగా నోరు నొక్కుకుని ఆవిడ పక్కన చస్తున్నానని, నీ వల్లేనని.

నాన్న పుస్తకాన్ని పక్కకి జరిపాడు. "ఆవిణ్ణి పిలుచుకురా. రానంటే నన్ను తీసుకెళ్ళు" అన్నాడు.

మార్చి 17, సోమవారం

పిన్నికి తలనొప్పిగా ఉంది ఇవాళ. ఇలాంటప్పుడు ఏం చెప్తాం?

మార్చి 18, మంగళవారం

ఓనరు పక్కనే తిరుగుతున్నాడు. కుదరలేదు. నాన్న అడిగితే రేపన్నాను.

మార్చి 19, బుధవారం

పిన్ని మనవడికి పరీక్షలట, మంచి హుషారుగా ఉంది. చెడగొట్టబుద్ధి కాలేదు. రేపు తప్పకుండా.

మార్చి 20, గురువారం

రేపటిదాకా నాన్న ఆగలేదు.

పదకొండు గంటల టీ. అట్ట ఇవాళైనా వస్తుందా అని ఎవరో అడిగారు, ఓనరు "సాయంత్రానికి వచ్చేస్తుంది" అన్నాడు. పిన్ని చేతులు కడుక్కోవడానికి వెళ్ళింది కదా అని ఇంకెవరో ఆ సామెత అననే అన్నారు, మా ఇంటిపేరు పెట్టి. గుమ్మం దగ్గర చేతికర్ర చప్పుడు. ఇస్త్రీ చొక్కాతో నాన్న. ఒక్కడే, ఆటోలో వచ్చాడట.

"ఆ ఇంటిపేరు వాణ్ణే నేను. ఆ కబురు చెప్పింది నేనే" అన్నాడు.

తడిచేతులతో పిన్ని వచ్చి తలుపు దగ్గర ఆగింది. నాన్న షాపంతా కలియజూసి, నన్ను చూసి, నన్ను పలకరించలేదు. నేను ఒప్పుకుంటే ఒప్పుకుంటాను, లేకపోతే లేదు అన్నట్టు వదిలేశాడు. జిగురు బ్రష్షు నా చేతిలోనే ఉంది.

"మా నాన్న" అన్నాను. "పిన్నీ, ఈయన మా నాన్న."

నాన్నకి కుర్చీ వేశారు, కూర్చోలేదు. మూడింటి ముల్లు సంగతి, ఖాళీ గడి సంగతి, ఇంట్లో చెప్పినట్టే చెప్పాడు. ఒక్క మాట తగ్గించలేదు. ఆఖర్న "తప్పు యంత్రానిది కాదమ్మా. నాది" అన్నాడు.

తిడుతుందనుకున్నాను. కొడుతుందేమో అని కూడా అనుకున్నాను. పిన్ని స్టూలు లాక్కుని కూర్చుంది. తడిచేతులు కొంగుకి తుడుచుకుంది.

"మా ఆయన ఆ రోజు వెళ్ళనన్నాడండీ. గాలి తేడాగా ఉంది, నాకు మనసొప్పట్లేదన్నాడు. నేనే తరిమాను. రేడియోలో నెమ్మదిగా ఉంటుందని చెప్తుంటే నీకేం తెలుసు, మొన్న రెండ్రోజులు కూర్చున్నావు, ఇవాళా కూర్చుంటే పిల్లలకేం పెట్టాలన్నాను. ఆడంగి వెధవా అని కూడా అన్నాను. అదే ఆఖరి మాట."

నాన్న కర్ర మీద రెండు చేతులూ పెట్టుకుని వింటున్నాడు.

"యంత్రం చెడిపోయింది, ఎవరి తప్పూ కాదని పెద్దలు తేల్చారు. ఎవరి తప్పూ కాకపోతే ఇంకెవరిది? నాదేగా! యంత్రాన్ని ఏమని తిట్టుకోను? నన్ను నేనే తిట్టుకున్నాను. ఆయన్ని పంపింది నేను అని. ముప్పై నాలుగేళ్ళు. నా పిల్లలక్కూడా చెప్పలేదు ఆ మాట. ఈ ఒక్క ముక్క అప్పుడే చెప్పుంటే, కనీసం తిట్టుకోడానికి మీరుండేవారు కదండీ నాకు!"

"చెప్పాల్సింది" అన్నాడు నాన్న.

"క్షమించమని అడక్కండి."

"అడగడానికి రాలేదమ్మా."

పిన్ని నా వైపు తిరిగింది. అప్పటిదాకా తిరగలేదు.

"నువ్వు ఆ కాగితం నా చేత మడిపించావు."

నువ్వే లాక్కున్నావు పిన్నీ అనబోయాను. సిగ్గులేని నోరు. మూసుకున్నాను.

"ఆయన చెప్పింది చెప్పినట్టు రాయి. అరవై ఒకటీ వెయ్యి. ఒక్క కాపీలో కాదు, అన్నిట్లో. మడత నేను చేస్తాను" అంది. లేచి ముఖం కడుక్కుని వచ్చి, మిగిలిన ఫారాలు పూర్తి చేసింది.

నాన్నని ఆటో ఎక్కించాను. "నువ్వు ఒప్పుకుంటావని అనుకోలేదు" అన్నాడు. అది మెచ్చుకోలో కాదో నాకు తెలీలేదు.

మార్చి 21, శుక్రవారం

నాన్న చెప్పాడు, నేను రాశాను. నా వాక్యాలన్నీ పోయాయి. చదువు ఒక వరస, నౌకరీ ఒక వరస. మిగతాదంతా ఆ రోజు. "భరించారు" అని నేను రాసింది చూసి, "భరించింది నేను కాదు, కొట్టెయ్" అన్నాడు. చివర రాసినవారి పేరు ఉండాలన్నాడు. ఏ పేరని అడగలేదు నేను, చెప్పలేదు నాన్న. కూతురు అని పెట్టి, పక్కన పుట్టింటి ఇంటిపేరు వేశాను. ముప్పై ఒక్కేళ్ళ తర్వాత. అక్షరాలు తడుముకోవాల్సొచ్చింది.

సాయంత్రం అట్ట దిగింది. ఒక్క రోజు ఆలస్యంగానైనా ఓనరు మాట నిజమైంది.

మార్చి 22, శనివారం

నాన్న కాపీ విప్పదీశాను. దానికీ కొత్త పేజీలే.

పిన్ని నాకన్నా ముందే వచ్చింది. రాత్రి నేను షాపులో ప్రింటు తీసిపెట్టిన మూడొందల కాగితాలు తన ముందుకి లాక్కుని, ఒక్కొక్కటి మడిచి, పక్కన పెట్టింది. నేను అతికించాను. పొద్దుణ్ణుంచి సాయంత్రందాకా ఒక్క మాట లేదు. పిన్నీ, టీ అన్నాను. వినిపించనట్టు ఉంది. కాస్త నీళ్ళైనా తాగవా అన్నాను. అదీ అంతే. నేను తిన్నానో లేదో చూడకుండా ఆవిడ ఎప్పుడూ తినదు. ఇవాళ గోడవైపు తిరిగి తినేసింది.

ఓనరు అంతా చూశాడు. "మీ పళ్ళ డాక్టరుకి ఈ పేజీల సంగతి తెలుసా?" అన్నాడు.

"తెలుస్తుంది" అన్నాను.

మూడొందల మడతల్లో ఒక్కటి వంకర లేదు. చూశాను, ప్రతిదీ.

మార్చి 23, ఆదివారం

పుస్తకం సభ ఇవాళ. మేం వెళ్ళలేదు, పిలవలేదు కూడా. మధ్యాహ్నం బాబాయి ఫోను. నోటికొచ్చిన తిట్టల్లా తిట్టాడు. ఒక ముసలాయన వేదిక మీదే చివరి పేజీలు తెరిచి పైకి చదివేశాడట. జడ్జి గారబ్బాయి లేచి వెళ్ళిపోయాడట. సగం కాపీలు కుర్చీల కింద వదిలేసి పోయారట, మిగతా సగం మాత్రం పట్టుకెళ్ళారట.

"మన ఇంటిపేరు మట్టిలో కలిపావు కదే!" అన్నాడు.

"ఇప్పుడు మన ఇంటిపేరు అంటున్నావా బాబాయ్? నాన్నకి లేదన్నప్పుడు ఎవరిదది?"

ఫోను పెట్టేశాడు. పంటి నొప్పొస్తే ఇక వేరే డాక్టర్ని చూసుకోవాలి.

నాన్న తన కాపీ చదివాడు. అరవై ఒకటి దగ్గర వేలు పెట్టి ఆగాడు.

"ఆవిడ చదివిందా?"

"మడిచింది నాన్నా."

మార్చి 24, సోమవారం

పిన్ని స్టూలు మా బల్ల దగ్గర లేదు. కిటికీ పక్కన, లెక్కల పుస్తకాలు కుట్టే వాళ్ళ దగ్గరుంది. ఎవరూ జరపలేదు, తనే జరుపుకుందట. వెలుతురు బావుంటుందని ఓనరుకి చెప్పిందట.

దగ్గరికెళ్ళి నిలబడ్డాను. ఏం చెప్పాలో సిద్ధం చేసుకునే వెళ్ళాను. నేను అప్పుడు పదిహేడేళ్ళదాన్ని పిన్నీ, నాకు తెలీదు పిన్నీ, ఆ ఆదివారం నాన్న చెప్పేదాకా నాకూ తెలీదు. అది నిజమే. కానీ ఎవరి కూతురినో నాకు మొదటిరోజు నుంచీ తెలుసు. ఆవిడ తలెత్తలేదు. వచ్చేశాను.

ఈ పద్నాలుగేళ్ళలో ఆవిడ నన్ను అమ్మాయ్ అనే పిలిచింది. యాభై దాటాక ఆ పిలుపు పిలిచే మనిషి ఇంకొకరు లేరు నాకు. కుట్టు వాళ్ళూ నన్ను చూడగానే మాటలాపేస్తున్నారు. పని చేసుకున్నాను. పని ఎలాగూ ఉంటుంది.

పన్నెండింటప్పుడు కిటికీ వైపు నుంచి పిన్ని గొంతు. అందరికీ వినపడేలా, మా ఇంటిపేరుకి "గారూ" తగిలించి పిలిచింది. షాపులో మిషన్లు ఆగాయి. ఆ పేరుతో నన్నెవరూ పిలవగా నేను వినలేదు, పెళ్ళయ్యాక.

"ఆ" అన్నాను.

"జిగురు కావాలి."

గిన్నె తీసుకెళ్ళి ఇచ్చాను.